రాత ఉంది... చదివేవారేరీ?

గుత్తి నుంచి పత్తికొండ వైపు వెళ్తుంటే పదిహేను కిలోమీటర్లలోపే ఎర్రగుడి వస్తుంది. కాగితాల మీద అది కర్నూలు జిల్లా. నేలను చూస్తే మాత్రం అనంతపురమే. అవే ఎర్ర నేలలు, అవే బోడిగుట్టలు, వాన కోసం ఆకాశం వైపు అదే చూపు. ఊరికి దాపున ఓ గుట్ట మీద కొన్ని బండలున్నాయి. వాటి నిండా అక్షరాలు... క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోక చక్రవర్తి చెక్కించినవి.

ఆ శాసనాల్లో ఒకటి బావుల గురించి చెబుతుంది. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయడం, మందు మొక్కలు నాటించడం, దారుల వెంట చెట్లు పెంచడం, బావులు తవ్వించడం... ఇవీ ఆ రాజు లోకానికి చెప్పుకోదలచిన పనులు. బావి తవ్వించడం ఎంత గొప్ప పనో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే అనంతపురం రైతుకు వేరే చెప్పక్కర్లేదు. రెండువేల రెండొందల ఏళ్లు దాటినా ఆ మాట పాతబడలేదు.

ఇంతకాలం ఆ మాట ఎలా బతికింది? రాయి గట్టిది కాబట్టి అనుకుంటాం. అది సగం నిజమే. రాయి ఉన్నా, రాత ఉన్నా, శతాబ్దాలపాటు ఆ అక్షరాలను చదవగలిగినవాళ్లు దేశంలో ఒక్కరూ లేకుండా పోయారు. ఆ లిపి పేరు బ్రాహ్మి. దాన్ని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఛేదించాడు. ఎర్రగుడి బండలు లోకం దృష్టికి వచ్చింది మాత్రం 1929లో. చూసింది చరిత్రకారుడు కాదు, రాళ్లను పరిశీలించడమే వృత్తిగా ఉన్న అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త!

అక్కడ ఇంకో విశేషం కూడా ఉంది. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అచ్చం మడక దున్నే ఎద్దులు సాలు చివర మళ్లినట్టు. రాత ఎటు నడుస్తుందో తెలిస్తే తప్ప దాన్ని చదవలేం. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ఇదే నేలలో ఇప్పుడు మరో రాయి కథ మొదలైంది. అది కూడా రాతకు సంబంధించినదే.

ఆవగింజంత లోహం

2023 ఏప్రిల్‌లో ఓ వార్త వచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అనంతపురం జిల్లాలో సయనైట్ లాంటి రాళ్లను సర్వే చేస్తుంటే వాటిలో అరుదైన మృత్తికల జాడ కనిపించిందని దాని సారాంశం. గుత్తికి దగ్గర్లోని పెద్దవడుగూరు, రెడ్డిపల్లె పేర్లు ఒక్కసారిగా దేశమంతా వినిపించాయి. అల్లనైట్, మోనజైట్, జిర్కాన్ వంటి ఖనిజాలు ఆ రాళ్లలో ఉన్నాయని తేలింది.

ఇంగ్లిషులో రేర్ ఎర్త్స్ అనే ఈ మూలకాలు మొత్తం 17. పేరులో అరుదు అని ఉన్నా కొన్ని అంత అరుదైనవేమీ కాదు. సీరియం భూమి పైపొరలో ఇంచుమించు రాగి ఉన్నంత ఉంది. చిక్కేమిటంటే, ఇవి ఒకచోట కుప్పగా దొరకవు. దొరికినా అన్నీ కలిసి ఉంటాయి. గుణాల్లో కవల పిల్లల్లా ఉంటాయి కాబట్టి ఒకదాన్నుంచి మరోదాన్ని విడదీయడం మహా కష్టం. అనంతపురంలో ప్రధానంగా కనిపించినవి లాంథనం, సీరియం, నియోడైమియం వంటి తేలిక రకాలు.

ఆ కుటుంబంలో బరువైన అన్నదమ్ములిద్దరు ఉన్నారు. గాడోలినియం, టెర్బియం. స్వీడన్‌లో ఇటర్బీ అనే చిన్న ఊరి క్వారీలో దొరికిన రాయి వల్ల టెర్బియానికి ఆ పేరు వచ్చింది. ఆ ఒక్క ఊరి పేరుతో ఏకంగా నాలుగు మూలకాలున్నాయి! ఇటర్బీ క్వారీ రాయి 1843లో ఓ మూలకానికి పేరిస్తే, మరో నూట ముప్ఫై ఏళ్లకు ఆ కుటుంబానికే చెందిన లోహాలు మనిషి రాతకు కొత్త పలక అయ్యాయి.

ఆ పలకకు ఎంత లోహం కావాలి? టన్నులు కాదు. అరచేతి వెడల్పున్న ఒక డిస్క్ మీది అయస్కాంత పొరనంతా గీకి తూచినా ఒకటి రెండు ఆవగింజల బరువే ఉంటుంది. మనిషి వెంట్రుకను నిలువునా వెయ్యి పొరలుగా చీలిస్తే, అందులో ఒక పొర కన్నా పల్చన. ఇంత పల్చటి పూత మీద పుస్తకాల బీరువాలు పట్టేంత సమాచారం ఎలా రాశారు?

వేడి చేసి, ముద్ర వేసి...

పూర్వం రిజిస్టర్ కవర్ల మీద లక్క ముద్ర వేసేవారు. లక్కను వేడి చేస్తే మెత్తబడుతుంది. అప్పుడు ముద్ర అద్దాలి. చల్లారితే గట్టిపడి ముద్ర అలాగే ఉండిపోతుంది. మళ్లీ వేడి చేస్తే తప్ప చెరగదు. ఈ డిస్క్ పనిచేసే తీరూ అదే. దీన్నే మాగ్నెటో ఆప్టికల్ డిస్క్ అంటారు. అయస్కాంతం, వెలుగు రెండూ కలిసి రాసే పలక అన్నమాట.

టెర్బియం, ఇనుము, కోబాల్ట్ కలిపిన పొర అది. దాని మీద లేజర్ కిరణాన్ని సూదిమొన కన్నా సన్నగా కేంద్రీకరిస్తారు. ఆ చుక్క వెడల్పు సుమారు ఒక మైక్రాన్... తల వెంట్రుక మందంలో యాభయ్యో వంతు. ఆ చుక్క మేర పొర 200 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా వేడెక్కి అయస్కాంత పట్టు సడలిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలో పక్కనే ఉన్న చిన్న అయస్కాంత క్షేత్రం దాన్ని పైకో, కిందికో తిప్పుతుంది. కిరణం పక్కకు జరగ్గానే చుక్క చల్లారిపోతుంది. తిరిగిన దిశ అలాగే బిగుసుకుపోతుంది. పైకి ఉంటే ఒకటి, కిందికి ఉంటే సున్నా. కంప్యూటర్ భాషంతా ఈ రెండక్షరాలే కదా!

మరి చదవడం? అదీ లేజర్‌తోనే, కాకపోతే తక్కువ వేడితో. అయస్కాంతం మీద పడి తిరిగొచ్చే కాంతి కంపించే తలం కాస్త పక్కకు ఒరుగుతుందని స్కాట్లండ్ శాస్త్రవేత్త జాన్ కెర్ 1870ల్లో కనుక్కున్నాడు. పైకి ఉన్న చుక్క ఒకవైపు ఒరిగిస్తే, కిందికి ఉన్న చుక్క రెండోవైపు ఒరిగిస్తుంది. ఆ ఒరగడం ఒక్క డిగ్రీ కూడా ఉండదు, అందులో సగం లోపే. అంత చిన్న తేడాను పట్టుకుని పాటగానో, ఫొటోగానో, లెక్కల పద్దుగానో మార్చేది డ్రైవ్. కంటితో చూస్తే డిస్క్ మీద ఏమీ కనిపించదు. రాత కనిపించాలంటే ఆ యంత్రం ఉండాల్సిందే.

సాళ్లు కాదు, కుప్ప

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్తలు 1957లోనే మాంగనీస్, బిస్మత్ కలిపిన పొర మీద ఇలా రాసి చూపించారు. అయితే ఆ పొర స్ఫటికాలమయం. చిన్న చిన్న రేణువుల అంచుల దగ్గర కాంతి చెదిరిపోయేది. గరుకు పలక మీద సన్నటి బలపంతో రాసినట్టే. అక్షరం కన్నా గీతలే ఎక్కువ కనిపించేవి.

దీనికి మార్గం దొరికింది 1973లో. ఐబీఎం పరిశోధనశాలలో ముగ్గురు కలిసి గాడోలినియం, కోబాల్ట్ కలిపిన అస్ఫటిక పొర తయారుచేశారు. ఆ ముగ్గురిలో ఒకరు మన దేశస్థుడే. పంజాబ్‌లోని లూథియానాలో పుట్టి, ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివి, ఎంఐటీలో డాక్టరేట్ చేసిన ప్రవీణ్ చౌధరి. మిగతా ఇద్దరు జెరోమ్ క్యూమో, రిచర్డ్ గాంబినో.

అస్ఫటికం అంటే? వేరుశనగ చేను చూసినవారికి తేలిగ్గా అర్థమవుతుంది. చేలో మొక్కలు సాళ్లలో, ఒక లెక్క ప్రకారం ఉంటాయి. లోహంలో అణువులూ మామూలుగా అలాగే వరసగా నిలబడతాయి. అది స్ఫటికం. అదే కాయలు కోసి కళ్లంలో పోస్తే? ఒక కాయకూ పక్క కాయకూ వరస ఉండదు. అది అస్ఫటికం. కిటికీ గాజు ఇలాంటిదే. కళ్లంలో కుప్పకు గట్లూ గెనాలూ ఉండవు. అంటే కాంతిని చెదరగొట్టే అంచులు లేవు. పలక నున్నగా తయారైంది!

వరస లేకుండా లోహాన్ని పరచడం ఎలా? గాలి తీసేసిన గదిలో లోహపు బిళ్లను ఆర్గాన్ వాయు అయాన్లతో కొడతారు. ఆ దెబ్బకు అణువులు ఎగిరి ఎదురుగా ఉన్న డిస్క్ మీద పడతాయి. వరసలో సర్దుకునే తీరిక దొరక్కుండానే అక్కడే ఆగిపోతాయి. కొలిమి వేడి అక్కర్లేదు కాబట్టి ప్లాస్టిక్ డిస్క్ మీద కూడా పూత పూయొచ్చు.

ఈ పొరకు ఇంకో రెండు మంచి గుణాలున్నాయి. పల్చటి పొరల్లో అయస్కాంతాలు సాధారణంగా పడుకుని ఉంటాయి. ఇందులో మాత్రం గాలికి వాలని పైరులా నిటారుగా నిలబడతాయి. అందువల్ల తక్కువ చోటులో ఎక్కువ చుక్కలు పడతాయి. రెండోది, ఇందులో టెర్బియం అయస్కాంతాలు ఒకవైపు లాగితే ఇనుము, కోబాల్ట్‌ల అయస్కాంతాలు ఎదురువైపు లాగుతాయి. సమానమైన బలమున్న రెండు ఎద్దులను ఎదురెదురుగా కడితే బండి కదలదు కదా! మామూలు వేడిలో ఈ రెండు లాగుళ్లూ దాదాపు సరిపోతాయి. బయటి అయస్కాంతానికి పట్టు దొరకదు. ఫ్లాపీని స్పీకర్ పక్కన పెడితే పాడవుతుందని భయపడేవారు. ఈ డిస్క్‌కు ఆ భయం లేదు. వేడి, అయస్కాంతం రెండూ ఒకేసారి తగిలితేనే రాత మారుతుంది.

ఒక్క బలహీనత మాత్రం ఉంది. టెర్బియానికి గాలి, తేమ అంటే పడదు. ఇట్టే తుప్పు పడుతుంది. అందుకే పొరకు పైనా కిందా సిలికాన్ నైట్రైడ్ పూత వేసి కాపాడారు.

వెలిగింది... ఆరింది

ఫలితం లోకమంతా చూసింది. 1988లో స్టీవ్ జాబ్స్ తెచ్చిన నెక్స్ట్ కంప్యూటర్‌లో 256 మెగాబైట్ల మాగ్నెటో ఆప్టికల్ డ్రైవ్ ఉండేది. 1992లో సోనీ మినీడిస్క్‌ను విడుదల చేసింది. బిళ్ల వెడల్పు 64 మిల్లీమీటర్లు, అందులో 74 నిమిషాల పాట. క్యాసెట్‌లా చెరిపి మళ్లీ రికార్డు చేసుకోవచ్చు, నాణ్యత మాత్రం సీడీకి దగ్గర. జపాన్‌లో ఇది ఇంటింటి వస్తువైంది. ఎన్నిసార్లు రాసినా అరగదని, దశాబ్దాలు నిలుస్తుందని పెద్ద డిస్కులను దస్తావేజులు దాచడానికి వాడారు. అవి ఒక్కోటి 9.1 గిగాబైట్ల దాకా ఎదిగాయి. చౌధరి బృందానికి 1995లో అమెరికా ప్రభుత్వం జాతీయ సాంకేతిక పతకం ఇచ్చింది. తరవాత ఆయన బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలకు డైరెక్టర్‌గా కూడా పనిచేశారు. 2010లో కన్నుమూశారు.

అప్పటికే ఆ పలకకు చివరి రోజులు వచ్చేశాయి. రాసుకునే సీడీలు అతి చవకగా దొరికాయి. ఆ వెనకే పెన్‌డ్రైవ్ వచ్చింది. హార్డ్ డిస్క్ ధర ఏటా పడిపోయింది. సోనీ 2013లో మినీడిస్క్ యంత్రాల అమ్మకం ఆపేసింది. ఖాళీ డిస్కుల తయారీ 2025 ఫిబ్రవరితో ముగిసింది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. డిస్కులు చెడిపోలేదు. పొర పొరలాగే ఉంది. చుక్కలు చుక్కల్లాగే నిలబడి ఉన్నాయి. లేనిది వాటిని చదివే యంత్రం. పాత డ్రైవ్ దొరికినా దాని తీగ కొత్త కంప్యూటర్‌కు తగలదు. తగిలినా నడిపే సాఫ్ట్‌వేర్ ఉండదు. అన్నీ కుదిరినా, లోపలి ఫైలు తెరిచే ప్రోగ్రాం మూలనపడి ఉంటుంది. సరిగ్గా బ్రాహ్మి లిపికి జరిగిందే! తేడా ఒక్కటే. బ్రాహ్మిని మరవడానికి శతాబ్దాలు పట్టింది. దీనికి పాతికేళ్లు చాలు.

పైగా రాతి మీది అక్షరానికి ఓ సౌకర్యం ఉంది. చదవడం రాకపోయినా అది రాత అని తెలుస్తుంది. అందుకే ఘోష్ ఆగి చూశాడు. మెరిసే డిస్క్ మీద రాత ఉందని కూడా తెలియదు. వందేళ్ల తరవాత ఎవరికైనా దొరికితే అద్దం ముక్క అనుకుని పారేస్తారు.

అందుకే భద్రపరచడమంటే బీరువాలో పెట్టి తాళం వేయడం కాదు. యంత్రం మారినప్పుడల్లా రాతను కొత్త దానిలోకి ఎత్తిరాయడం. తాటాకు గ్రంథాలు మనదాకా వచ్చింది అలాగే. ఆకు పాడవుతుందని తెలుసు కాబట్టి తరం తరానికీ ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకుల మీదికి ఎక్కించారు. ఎవరింట్లోనైనా మినీడిస్కుల మీద పెద్దల గొంతు, పెళ్లి పాటలు, కచేరీలు ఉంటే చదివే యంత్రం దొరుకుతుండగానే వాటిని బయటికి తీసుకోవడం మేలు. ఒక్కచోట కాదు, రెండు మూడు చోట్ల దాచుకోవాలి. పదేళ్లకోసారి మళ్లీ మార్చుకోవాలి. పెన్‌డ్రైవ్‌కు, నేటి ఫోనుకు కూడా ఇదే సూత్రం.

రాయి వేరు, విద్య వేరు

మరి ఆ పొరను కనిపెట్టడం వృథా అయ్యిందా? లేదు. 2007లో నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ శాస్త్రవేత్తలు గాడోలినియం, ఇనుము, కోబాల్ట్ కలిపిన అలాంటి పొర మీదే ఓ వింత చూపించారు. అయస్కాంతమే అక్కర్లేకుండా, అతి కొద్దిసేపు వెలిగే లేజర్ మెరుపుతోనే దిశ మార్చారు. వేడి చేసి రాయడమనే కిటుకు పెద్ద హార్డ్ డిస్కుల్లోకి వెళ్లింది. 2024లో సీగేట్ తెచ్చిన 30 టెరాబైట్ల డిస్కుల్లో లేజర్ ముందు వేడి చేస్తుంది, ఆపైన అయస్కాంతం రాస్తుంది. పొర వేరు, స్ఫటికం కూడా. పద్ధతి మాత్రం పాతదే. వస్తువు పోయింది, విద్య మిగిలింది.

పెద్దవడుగూరు రాళ్లను కూడా ఈ చూపుతోనే చూడాలి. 2023 వార్త వినగానే కరవు సీమకు బంగారు రోజులొచ్చాయని సంబరపడినవారున్నారు. ఖనిజం జాడ వేరు, గని వేరు. లోతుకు బోర్లు వేసి ఎంత ఉందో, తీయడం గిట్టుబాటవుతుందో లేదో తేల్చుకోవాలి. తీశాక విడదీయడానికి ఆమ్లాలు కావాలి, నీళ్లు కావాలి. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అది రేడియోధార్మికం. వ్యర్థాన్ని ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచించాలి. బోరుబావిలో నీళ్లు ఎన్ని అడుగులకు పడతాయో లెక్కపెట్టుకునే నేలలో ఇది చిన్న ప్రశ్న కాదు.

అయినా అవసరం నిజమైనదే. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు అరుదైన మృత్తికల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. ఆ జాబితాలో టెర్బియం, గాడోలినియం రెండూ ఉన్నాయి. కార్ల నుంచి గాలిమరల దాకా ఎన్నో పరిశ్రమలు ఉలిక్కిపడ్డాయి. చైనా బలం ఒక్క ఖనిజంలోనే లేదు. దాన్ని విడదీసే నేర్పులో, దశాబ్దాలుగా నడుస్తున్న కర్మాగారాల్లో ఉంది. ఆవగింజంత టెర్బియానికి విలువ తెచ్చింది రాయి కాదు. దాన్ని వరస తప్పించి పరచగలిగిన మనుషులు. అనంతపురం పిల్లలకు ఆ విద్య అందితే రాయి ఎక్కడున్నా పనికొస్తుంది. అందకపోతే కాళ్ల కింద ఉన్నా లారీలకెక్కి పోతుంది.

ఎర్రగుడి గుట్ట మీద ఎండకూ వానకూ కొన్ని అక్షరాలు అరిగిపోయాయి. మిగిలినవాటిని ఇవాళ ఎవరైనా చదువుకోవచ్చు. చెక్కినవాడి ఉలి ఎంత గట్టిదో, చదివినవాడి పట్టుదల అంతకన్నా గట్టిది కాబట్టి! బావులు తవ్వించమన్న రాజు మాట రాతిలో దాగి ఉన్నంతకాలం అది రాతి మీది గీతే. చదివిన రోజున మళ్లీ మాటయింది.